మూడో గుండీ

ఫ్లెక్సీలు రాకముందు
దేవీచౌక్ నుంచి కోటిపల్లి బస్టాండు దాకా
బట్టల కొట్లూ, పళ్ళ డాక్టర్లూ, కిళ్ళీ బడ్డీలూ
నా చేతిరాతతోనే జనాన్ని పిలిచేవి.
ఇప్పుడా గోడలకి మేకులు కొట్టి
ముఖాలు వేలాడదీస్తున్నారు.

ఓ కార్తీకంలో రేవు బందోబస్తుకి
నలభై బారికేడ్ల మీద "పోలీసు" అని రాయమన్నారు.
రాశాను. డబ్బులు నేనడగలేదు, వాళ్ళివ్వలేదు.
టీ ఇచ్చారు. చేతుల్లేని పచ్చకోటు ఒకటిచ్చారు,
వీపు మీద "వాలంటీరు" అని మిషను అచ్చు.
రెండు ఉతుకులకే అందులో సున్నా రాలిపోయింది.

అప్పట్నుంచి శనివారం సాయంత్రాలు
స్టేషను వరండాలో, ట్యూబులైటు కింద బల్ల నాది.
రాయడం రానోళ్ళకి ఫిర్యాదు రాసిపెడతాను.
"మా అప్పలకొండ అక్షరానికి
జడ్జిగారు కళ్ళజోడు తీసేస్తారు" అంటాడు రైటరు విక్టర్.
పొగడ్తో, ఎక్కిరింపో
ఆరేళ్ళుగా తేలలేదు.

మొదట్లో నాకు తెలీదు,
మనిషి ఏడుస్తూ చెప్పిన మాట
కాగితమెక్కేసరికి బూట్లు తొడుక్కుంటుందని.
"ఆడు నా పుంజుని ఎత్తుకుపోయాడండి బాబూ" అంటే
"సదరు వ్యక్తి నా యొక్క కోడిపుంజును" అని రాయాలి.
యొక్క ఎందుకండీ అన్నాను.
యొక్క లేకపోతే కేసు నిలబడదన్నాడు.

సైకిళ్ళు రాశాను. తాడితోటలో తెగిన పర్సులు రాశాను.
ఒకావిడ మొగుడు కొట్టాడని రాయించుకుని
తీరా వేలిముద్ర దగ్గర ఆగి,
"కొట్టాడని తీసేసి కోప్పడ్డాడని పెట్టండి" అంది.
పెట్టాను.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

పళ్ళాలమ్మ వచ్చింది శ్రావణంలో,
రెండో ప్రమాద హెచ్చరిక తీసేసిన మర్నాడు.
బొబ్బర్లంక మనిషి.
కట్టు తెగిన పడవ కోసమెళ్ళిన పెనిమిటి
నాలుగు రోజులుగా లేడు.

ఎత్తెంత అన్నాను.
"మా గుమ్మానికి వంగుతాడండి."
రంగు?
"ఎండలో ఒకటి, ఇంట్లో ఒకటి."
పుట్టుమచ్చలు?
"ఉన్నాయండి" అంది. ఎక్కడో చెప్పలేదు.
చొక్కా?
"నీలందండి. మూడో గుండీ మాత్రం నల్లది.
నా పాత జాకెట్టుది కోసి కుట్టాను."

"అదక్కర్లేదు, కొట్టెయ్" అన్నాడు విక్టర్.
నలభయ్యేళ్ళు బోర్డులు రాసినవాణ్ణి,
కొట్టివేతకి చెయ్యి రాదు.
ఆవిడన్నది ఆవిడన్నట్టే ఉంచాను,
సదరు లేకుండా, యొక్క లేకుండా.

చవితి ముందురోజు ఫోను:
కోటిపల్లి దిగువన లంకలో ఒకరు దొరికారు.
నీలం చొక్కాయే.
విక్టర్ రిసీవరు చెవికి అదుముకుని
నా వంక చూడకుండా అడిగాడు,
"మూడో గుండీ ఏం రంగండీ?"
అవతల ఎవరో నడిచెళ్ళి, వంగి, చూసొచ్చినంతసేపు
మా ఫ్యాను చప్పుడు.
"అన్నీ తెల్లవేనంట."

ఫోను పెట్టేసి, ఫైలు తీసి
ఆ వాక్యం కింద ఎర్రసిరా గీత గీశాడు.
ఇద్దరం టీ తాగాం.
ఆ తెల్లగుండీలు ఎవరు కుట్టినవో
అతను అడగలేదు.
ఆ పూట నేనూ అడగలేదు.

ఇప్పటికీ వస్తుంది, నెలకో శనివారం.
కబురు అడగదు. చదివి వినిపించమంటుంది.
చదువుతాను, నిదానంగా,
మొదట్నుంచీ, తేదీతో సహా.
మొన్న మధ్యలో వేలు అడ్డం పెట్టి
"ఇందులో గుండీ ఏదండీ?" అంది.
చూపించాను: ఇది గు, పక్కన సున్నా, ఇది డీ.
సున్నా మీద ఆగింది వేలు.
గోటితో దాని అంచు ఒకసారి గీకి చూసి,
"గట్టిగానే కుట్టారండి" అంది.

బొబ్బర్లంక ఆఖరి బస్సుకి
టైమవుతోందని లేచింది.